యంత్రమతములు

కంప్యూటరులు వాడువారిలో మతభేద మొకటి నలుబదేండ్లుగా సాగుచున్నది. కొందఱు విండోసువారు, కొందఱు మ్యాకువారు, కొందఱు లినక్సువారు. పెండ్లిపందిటిలో నిద్దఱు యువకులు ప్రక్కప్రక్కను గూర్చుండి, ఊరును ఉద్యోగమును చెప్పుకొనిన పిమ్మట, నీవు వాడునది యేది యని యడుగుకొని, జవాబు వినినంతనే యొకరినొకరు జాలిగా జూచుకొనుట మేము కన్నులార జూచితిమి. గోత్రము లడుగు వాడుక తగ్గుచున్నదని సంతసించుచున్న కాలమున నీ క్రొత్త గోత్రము లెక్కడివని మాకు నవ్వును వచ్చినది, చింతయు గలిగినది.

ఈ పత్రికను ఇంటింట చదువువారిలో నీ మాటలకు క్రొత్తవారును ఉందురు గావున విషయమును ముందుగా జెప్పుట మంచిది. కంప్యూటరులో నుత్తరము వ్రాయుట కొక ప్రోగ్రాము, లెక్కలు వేయుట కొకటి, బొమ్మలు చూపుట కొకటి యుండును. వీని కన్నిటికి చోటు పంచి, వంతులు పెట్టి, ఏ కాగిత మేచోట నున్నదో లెక్క వ్రాసి యుంచు పెత్తనపు ప్రోగ్రామే ఆపరేటింగు సిస్టము. వెనుకటి తెలంగాణపు పల్లెకు పట్వారి యెట్టివాడో యంత్రమున కిది యట్టిది. భూమి యాతనిది కాదు, పంట యాతనిది కాదు; కాని పహాణీ యాతని చేతిలో నుండెను. పహాణీ యెవరి చేత నుండునో వారి మాట కెంత విలువ యుండునో చెన్నూరు ప్రాంతపు రైతులకు మేము చెప్పవలసిన పని లేదు.

యాపిలువారి మాకింటోషు 1984లోను, మైక్రోసాఫ్టువారి విండోసు 1985లోను లోకమునకు వచ్చినవి. మొదటిదానిలో యంత్రమును, దానిని నడపు వ్యవస్థయు నొకే యింటివి. ఖరీదును ఆ యింటికి దగినట్లే యుండును. రెండవది పలువురు చేసిన యంత్రములలో నిముడును. గనుకనే మన యాఫీసులలోను, బడులలోను, జిరాక్సు దుకాణములలోను దానిదే రాజ్యమైనది. మూడవదాని కథ వేఱు. ప్రోగ్రాముల మూలపాఠమును దాచిపెట్టుట పొరుగువానికి సాయపడకుండ మనుష్యుని చేతులు కట్టుట యని తలచి, రిచర్డు స్టాల్‌మను అను అమెరికావాడు 1983లో గ్నూ యను పేర నొక స్వేచ్ఛావ్యవస్థను కట్ట బూనెను. ఆ కట్టడమునకు కొఱవడిన నడిమిభాగమునకు సరిపడునట్టి దానిని 1991లో లైనసు టోర్వాల్డ్సు అను నిరువదియొకటేండ్ల ఫిన్లండు విద్యార్థి వ్రాసి పదిమందికి బంచిపెట్టెను. రెండును గలిసి వాడుకలో లినక్సని పేరొందినవి. దాని మూలపాఠమును ఎవరైన జదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. గ్నూ యను మాట ముందు చేర్పక వట్టి లినక్సని పిలుచుట స్టాల్‌మనుగారికి గిట్టదు. మతమన్న తరువాత నామమును గుఱించి తగవు లేకుండునా!

ఇక వాదము లెట్లుండు ననగా: లినక్సువాడు విండోసువానితో, నీ యిల్లు నీది కాదు, తాళపుచెవి యమెరికాలో నున్నది, నీ యింటినిండ వైరసులే యనును. విండోసువాడు, మీది యుచితమే కాని ప్రింటరు పలుకదు, పలికించుటకు రాత్రి యంతయు నల్లని తెఱమీద మంత్రములు జపింపవలెను గదా యనును. మ్యాకువాడు సాధారణముగా వాదింపడు. తన యంత్రమును బల్లమీద బెట్టి, కొఱికిన యాపిలుపండు ఎదుటివారికి గనబడునట్లు త్రిప్పి యుంచును. అంతమాత్రముచేతనే తక్కిన యిద్దఱికి నొడలు మండును.

వీరు పోట్లాడుకొను సంగతులలో గొన్ని యెంత చిన్నవో చూడుడు. దస్త్రముల దారి చూపు గీత విండోసులో నెడమకు వాలును, లినక్సులో కుడికి వాలును. లినక్సునకు ఆంగ్లపు పెద్ద యక్షరము వేఱు, చిన్న యక్షరము వేఱు. విండోసునకు మామూలుగా రెండు నొక్కటే. పెద్దచిన్న భేదము లేని లిపిలో బుట్టిన మనకీ తగవు వినోదముగా నుండును. పంక్తి ముగిసిన చోట విండోసు రెండు గుర్తులు వేయును: వెనుకటి టైపుయంత్రములలో బండిని వెనుకకు లాగుట యొకటి, కాగితమును పైకి జరుపుట యొకటి, యంత్రములు పోయినను గుర్తులు మిగిలినవి. లినక్సు ఒక్క గుర్తుతో సరిపెట్టును. ఈ యొక్క గుర్తు మూలమున, లినక్సులో వ్రాసి పంపిన పాఠమును 2018 వఱకు విండోసువారి నోటుప్యాడులో దెఱచినచో పద్యమంతయు గద్యమై, గద్యమంతయు నొక్క పంక్తియై కనబడెడిది. ఒకరి కాగిత మొకరు చదువలేకుండుట మాత్రము చిన్న సంగతి గాదు. దానికి మరల వచ్చెదము.

దీనిని మతమని మొదట బరిహసించినవారము మేము గాము. ఇటలీ దేశపు ఉంబెర్టో ఎకో 1994లో నొక చిన్న వ్యాసము వ్రాసి, మాకింటోషు క్యాథలిక్కు మతమనియు, విండోసునకు ముందటిదైన డాసు ప్రొటెస్టెంటు మతమనియు వర్ణించెను. ఒకటి భక్తుని చేయిపట్టి మెట్టుమెట్టుగా మోక్షమునకు గొనిపోవును. రెండవది గ్రంథము చేతికిచ్చి నీ దారి నీవే వెదకికొమ్మనును. మనకు క్యాథలిక్కుల వఱకు బోవ నక్కఱ లేదు. శైవవైష్ణవుల కలహము మన పెద్దలు చూచినదే. ఆ కలహముల కాలముననే తిక్కన తన భారతమును హరియు హరుడును నొక్కడైన హరిహరనాథున కంకితమిచ్చెను. వ్రాయు భాషను గూర్చి యైన మనకు బక్షములు లేకుండెనా? 1911లో జయంతి రామయ్యపంతులుగారు ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథికమును గాపాడ బూనగా, గిడుగు రామమూర్తిపంతులుగారు వాడుకభాష కొఱకు జీవితమంతయు బోరాడిరి. ఇప్పుడు గిడుగువారి పేరను, సురవరము ప్రతాపరెడ్డిగారి పేరను కంప్యూటరు అక్షరరూపములు కలవు. ఎవరైన నుచితముగా దించుకొని యే వ్యవస్థలోనైన వాడుకొనవచ్చును. మేము గ్రాంథికపక్షమున నుండియు మా వ్రాతలను గిడుగువారి యక్షరములతోనే యచ్చొత్తించుకొనుచున్నాము. వారు నవ్వుకొందురు గాక!

భక్తు లిట్లు తలలు బద్దలు కొట్టుకొనుచుండగా దేవతలు సంధి చేసికొని చాల కాలమైనది. 2001లో మైక్రోసాఫ్టు అధిపతియైన స్టీవు బామరు లినక్సును రాచపుండుతో బోల్చెను. 2014 ఫిబ్రవరిలో ఆ పీఠమెక్కినవాడు హైదరాబాదున బుట్టి బేగంపేట పబ్లికుస్కూలులో జదివిన సత్య నాదెళ్ల. ఆ సంవత్సరముననే తమకు లినక్సనిన బ్రేమ యని యతడు సభలో బ్రకటించెను. 2016లో మైక్రోసాఫ్టు లినక్సు ఫౌండేషనులో సభ్యత్వము పుచ్చుకొనెను. రాచపుండు పెండ్లికూతురైనది! ఇందులో ప్రేమ యెంతయో వ్యాపార మెంతయో మేము తూచి చెప్పజాలము. సర్వర్లు అద్దెకిచ్చు వ్యాపారములో లినక్సు లేకున్న నంగడి సాగదు. 2017 నవంబరు మొదలు ప్రపంచమున మొదటి యైదువందల మహాయంత్రములును లినక్సు మీదనే నడుచుచున్నవి. లినక్సా, అది పిచ్చివాండ్ర పని యని పరిహసించు చెన్నూరు బస్టాండు కుఱ్ఱవాని చేతిలోని ఆండ్రాయిడు ఫోను గర్భములో నున్నదియు లినక్సే. తన కులదేవత యెవరో తెలియకయే యొరుల దేవతను దూషించుట యిట్టిదే.

అట్లని వాదింపదగిన దేమియు లేదని మేమనము. పహాణీ యెవరిచేత నున్నదను ప్రశ్న నిజమైన ప్రశ్న. హైదరాబాదున 2005లో నారంభమైన స్వేచ్ఛ యను సంస్థ యింజనీరింగు విద్యార్థులను గూర్చుకొని తెలుగు మాటలతో నడచు లినక్సును సిద్ధము చేసినది. తెఱమీది మాటలను తెనిగించుట కొక కంపెనీ యనుమతికై వేచియుండ వలసిన పని వారికి లేకపోయినది. సీడాకువారు 2007లో బాసు అను దేశీయ లినక్సును వెలువరించిరి. కేరళములో బ్రభుత్వపు బడులు 2000 తరువాతి దశకముననే యీ దారి పట్టినవి. ఈ విషయమున మా మ్రొగ్గు లినక్సువైపే యని దాచనేల? కాని యా పక్షములోని కొందఱి నోరు మాకు సరిపడదు. ప్రశ్న యడిగిన క్రొత్తవానిని ముందు గ్రంథము చదివి రమ్మని గసరుట, విండోసు వాడు ముసలి గుమాస్తాను బానిస యనుట స్వేచ్ఛను బోధించువారికి దగదు. వేదము చదువ నధికారము లేదని యొకప్పు డొకరిని గసరినవారి కంఠమే మాకందు వినబడును.

ఈ తగవు మా ప్రాంతమున కెట్లు వచ్చినదో చెప్పెదము. 2025 అక్టోబరు 14తో విండోసు పదవ కూర్పునకు ఉచితముగా వచ్చు రక్షణపు దిద్దుబాట్లు సాధారణముగా నిలిచిపోయినవి. పదునొకండవ కూర్పు కావలెనన్న యంత్రములో నొక రక్షణపు చిప్పు మొదలైనవి యుండవలెనని నియమము. గోదావరి యుత్తరముఖముగా బాఱు మా చెన్నూరికి జేరువలోని యొక పాఠశాలలో బది కంప్యూటరులు కలవు. అన్నియు పాతవే, క్రొత్త కూర్పు వానిలో నెక్కదు. అచటి గణితోపాధ్యాయుడు క్రొత్తవి వచ్చువఱకు ఉన్నవానితోనే నెట్టుకొని రావలెననెను. పట్నమున నుద్యోగము చేయుచు దసరాకు వచ్చిన యాయన పూర్వశిష్యుడు, అన్నిటిలోను లినక్సు ఎక్కించెదనని తన చేతిలోని చిన్న పుల్లను చూపెను. మేము తెలుగు చెప్పువారము, ఏ పక్షమునకు బనికిరానివారము గనుక మమ్ము మధ్యవర్తులుగా గూర్చుండబెట్టిరి.

"ఇంట్ల చూసినా ఆఫీసుల చూసినా విండోసే. పోరగాండ్లు ఈడ ఇంకోటి నేర్చుకొని పోతె ఎవడు కొలువిస్తడు?" అని యుపాధ్యాయుడు.

"సార్, మీరు చెప్పిన లెక్కలతోనే పట్నం పోయిన. ఆడ మా కంపెనీల సర్వర్లన్ని లినక్సు మీదనే నడుస్తున్నయి. ఉన్న మిషన్లు మంచిగనే ఉన్నయి గద, కొత్తయి కొనుడెందుకు?" అని శిష్యుడు.

ఇంతవఱకు నిద్దఱి మాటయు న్యాయముగనే యుండెను. అంతట నాగినచో నీ వ్యాస ముండదు. ఉచితముగ వచ్చినదానికి విలువ యెక్కడిదని యొకరును, తాళము వేసిన పెట్టెకు మీరు కావలివాండ్రైతిరని యొకరును అనుకొని, గురుశిష్యులు మొగము మొగము చూచుకొనక లేచిపోయిరి. తగవు తీఱువఱకు నెవరును ముట్టరాదని ప్రధానోపాధ్యాయుడు గదికి దాళము వేయించెను. దసరానుండి సంక్రాంతి దాక నా తాళము తీయలేదు.

మగపిల్లలకు వచ్చిన నష్టము కొంచెమే. వారు బస్టాండు దగ్గఱి యింటర్నెట్టు దుకాణమునకు బోయి పదిరూపాయ లిచ్చి కూర్చుందురు. ఆడపిల్లల నక్కడికి బంపు తల్లిదండ్రులు మా ప్రాంతమున నెందఱు? ఎనిమిదవ తరగతి బాలిక లిద్దఱు నోటుపుస్తకములో కీబోర్డు బొమ్మ గీసికొని, దానిమీద వ్రేళ్లాడించుచు టైపు నేర్చుకొనుట మేము చూచితిమి. ఒకతె యక్షరము చెప్పును, రెండవది కాగితముమీద నొక్కును; తప్పా యొప్పా చెప్పుటకు తెఱ లేదు. ఇంట కంప్యూటరు లేనివారికి బడిలోని కంప్యూటరొక్కటే దిక్కు. ఏ వ్యవస్థ మేలైనదో తేలువఱకు వ్రేళ్లు కాగితముమీదనే యుండవలెనా? మతకలహములలో గుడి మూతపడుట మేము విన్నదే. బడి మూతపడుట యిక్కడ జూచితిమి.

తాళము తీయించినది మా మధ్యవర్తిత్వము కాదు. మా సహోపాధ్యాయు లొకరు, ఇప్పుడు లేరు, గోదావరి యొడ్డు పల్లెలలో దిరిగి నాట్లపాటలును, బతుకమ్మపాటలును, విసుఱుఱాతి పాటలును సేకరించి, కొన్నేండ్ల క్రిందట కంప్యూటరులో టైపు చేసి యుంచిరి. నోటుపుస్తకములు 2022 జూలై వరదలో దడిసి ముద్దయైనవి. టైపు చేసిన పాఠ మొక్కటియే మిగిలినది. ఏడాది మాసికమునకు దానిని బుస్తకముగా వేయింపవలెనని యాయన కుమార్తె మాయొద్దకు వచ్చినది. "చిన్నాయనా, బాపు రాసిన పాటలన్ని దీంట్ల ఉన్నయి. ఒక్కటి సుత చదువస్తలేదు" అనుచు పెన్‌డ్రైవును మా చేతిలో బెట్టినది. బడి గదిని దెఱపించి చూడగా తెఱమీద పాటలకు బదులు ఆంగ్లపు టక్షరములు, ప్రశ్నార్థకములు, డాలరు గుర్తులు జల్లినట్లున్నవి.

జరిగిన దేమనగా: ప్రపంచభాషల లిపు లన్నిటికి నంకెలు నిర్ణయించిన యూనికోడు పట్టికలో తెలుగునకు 1991లోనే చోటు దొరకినను, విండోసులో తెలుగు సరిగా గనబడుట 2001 నాటి ఎక్స్‌పీ కూర్పుతోడనే, గౌతమి యను నక్షరరూపముతో, మొదలైనది. అంతకు ముందును, అచ్చాపీసులలో దరువాత చాలకాలమును, తెలుగు తునుకలను ఆంగ్లాక్షరముల స్థానములలో గూర్చిన ఫాంటులే వాడుకలో నుండెను. ఆ ఫాంటున్న యంత్రములో నది తెలుగు. లేని యంత్రములో నది చెత్త. మన పుస్తకములు, పత్రికలు, ఆఫీసు కాగితములు నెన్నియో యిట్లు వ్రాయబడినవి. 1921లో హైదరాబాదు సభలో నాలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలిచేసి యాపిరి. ఆ యవమానమునుండియే యాంధ్రజనసంఘము పుట్టినది. ఇక్కడ నెవ్వరును గేలి చేయలేదు, ఎవ్వరును ఆపలేదు. తెలుగు తనంతట తానే మూగవోయినది. యూనికోడు వచ్చిన తరువాతను తెలుగునకు కష్టములు తప్పలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' యను నక్షరమునడుమ కంటికి గానరాని విభజనపు గుర్తొకటి చేర్చి పంపినచో ఐఫోనులోని ప్రోగ్రాములు కుప్పకూలెడివి. ఆ నెల 19న యాపిలువారు దిద్దుబాటు పంపిరి. అన్ని యక్షరములలో జ్ఞానమునకు మొదటి యక్షరమే యా ఖరీదైన యంత్రమునకు మ్రింగుడుపడకపోవుట చిత్రమే.

పాటల కొఱకు ఆ పాత ఫాంటు కావలసి వచ్చినది. అది గణితోపాధ్యాయుని యింట నటుకమీది పాత విండోసు యంత్రములో నున్నది. ఆయన దానిని దులిపి దింపి, ఏ మీటకు ఏ తునుక వచ్చునో పట్టిక వ్రాయించెను. శిష్యుడు సంక్రాంతి సెలవులకు వచ్చియుండెను. పట్టికను జూచి తునుకలను యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాము నొకదానిని తన లినక్సులో వ్రాసెను. ఇద్దఱును మాటలాడుకొనుట మాత్రము మా ద్వారముననే. మొదటి ఫలితము ఘోరము: వత్తు లెగిరిపోయి 'అమ్మ' 'అమ' యైనది, 'చెల్లె' 'చెలె' యైనది. పాత ఫాంటులో క్రారవడి యక్షరమునకు ముందు పడును, యూనికోడులో దరువాత వచ్చును; ఆ యొక్క సూక్ష్మమును బట్టుటకు రెండు రాత్రులు పోయినవి. మూడవనాడు శిష్యుడు మమ్ము మఱచి, "సార్, మీ దాంట్ల ఈ గీత ఎట్ల కనబడుతున్నదో చెప్పరాదు" అని నేరుగా నడిగెను. ఉపాధ్యాయుడును మమ్ము దాటి జవాబు చెప్పెను. మా కుర్చీని మేమే గోడదగ్గఱకు జరుపుకొంటిమి.

ఇప్పుడా పాటలు లినక్సులో దెఱచినను, విండోసులో దెఱచినను, ఆ యమ్మాయి ఫోనులో దెఱచినను తెలుగుగనే యున్నవి. బడి గది తెఱచియే యున్నది. ఐదు యంత్రములలో లినక్సును, ఐదింటిలో అంతర్జాలమునకు గలుపకుండ పాత విండోసును ఉంచిరి. కాగితముమీద నొక్కిన బాలికలలో నొకతె రెండింటిలోను తెలుగు టైపు చేసి, "రెండిట్లా అక్షరాలు ఒక్క తీరుగనే ఉన్నయి సార్" అని చెప్పి మఱల పనిలో బడినది. ఇన్‌స్క్రిప్టు అను నొకే మీటల వరుస రెండింటిలోను ఉండుటచేత నట్లు కుదిరినది.

పాటలను మేము వరుసగా దిద్దుచున్నాము. ఒక నాట్లపాటలో మాత్ర మొక మాట మధ్య తునుకలు రెండు చెడిపోయి, అది వరిరకము పేరో, వాగు పేరో, ఆడుబిడ్డ పేరో తెలియుట లేదు. ప్రోగ్రామునకును దోచదు, మా నిఘంటువునకును దోచదు. శిష్యుడు వాగందురు, గురువు వరిరకమందురు. మరల స్వరము లెక్కువైనవి. ఆ పాటను బాడిన ముదుసలి యొకతె యేటియొడ్డు పల్లెలో నింకను గలదని అమ్మాయి చెప్పినది. వచ్చు నాదివారము నలుగురమును ఆమెయొద్దకు బోవ నిశ్చయించితిమి.